గడువు తీరిన మండలి

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె కబురక్క. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ, పెట్టినవాళ్లకు మనిషిని చదవడం వచ్చని ఒప్పుకోవాలి. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు కబురు మోయడమే ఆమె ఉద్యోగం. కాగితాల మీద దాన్ని పిల్లల సేవల సమన్వయ మండలిలో సహాయకురాలి పదవి అని గొప్పగా రాసుకున్నారు.

సమన్వయం అంటే ఏమిటక్కా అని ఒకసారి తమ్ముడు అడిగాడు. ఒకే పిల్ల కోసం పనిచేసే నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకునేలా చేయడమేరా అని చెప్పింది. ఆమాత్రం దానికి ఒక మండలీ, దానికో చట్టమూ కావాలా అని వాడు పకపకా నవ్వాడు. కావాలి. ఎందుకు కావాలో నిజానికి వాడికే అందరికంటే బాగా తెలిసుండాలి.

ఆ తమ్ముడు ఇళ్లకు రంగులు వేస్తాడు. చిన్నప్పుడు వాడికి ఫిట్స్ వచ్చేవి. డాక్టరు ఔనంటే తప్ప చేర్చుకోం అని బడివాళ్లన్నారు. ఏ బడిలో ఉన్నాడో అక్కడివాళ్లు పంపితేనే చూస్తామని ఆసుపత్రివాళ్లన్నారు. వాళ్లమ్మ వాణ్ని చంకనేసుకుని ఈ గుమ్మానికీ ఆ గుమ్మానికీ మధ్య చెప్పులరిగేలా తిరిగింది. ఎవరూ కసురుకోలేదు. అందరూ మర్యాదగానే, అది మా పని కాదమ్మా, అవతలికి వెళ్లండి అని చెప్పారు. మర్యాదగా చెప్పినవాళ్ల మీద కోప్పడటానికి కూడా ఉండదు, అదొక నరకం. ఏళ్లు గడిచి ఫిట్స్ వాటంతటవే తగ్గిపోయాయి. చదువు మాత్రం అంటలేదు. ఇప్పటికీ వాడు డబ్బా మీద రంగు పేరు చదవలేక మూత తీసి చూసుకుంటాడు. అందులో వాడికేమీ బాధ లేదు. అక్కే ఆ మూత చప్పుడు వింటే అక్కడ నిలబడలేదు.

పెద్దయ్యాక కబురక్క ఆసుపత్రి విచారణ కిటికీ దగ్గర పనికి కుదిరింది. అక్కడ కూర్చుంటే రోజుకు ఎంతమంది అమ్మలు తన అమ్మలా తిరుగుతున్నారో కనిపించేది. వాళ్లను అవతలికి పంపడం ఆమె వల్ల కాలేదు. కిటికీ అవతల నిలబెట్టి తనే ఫోన్ చేసేది. బడికి చేసేది, పోలీస్ స్టేషన్‌కు చేసేది, అనాథ పిల్లల ఇంటికి చేసేది. అవతల ఎవరైనా నీళ్లు నమిలితే, "ఉండండి, ఆవిడ ఇక్కడే ఉన్నారు, ఆ మాట మీరే చెప్పండి" అని ఫోన్ అమ్మ చేతికిచ్చేది. పిల్లల సంగతులన్నీ ఒక్కచోట కూర్చుని తేల్చడానికి ప్రభుత్వం చట్టం చేసి మండలి పెట్టినప్పుడు, పిల్లల డాక్టరమ్మ ఆమెను చేయిపట్టుకుని అక్కడికి తీసుకెళ్లింది.

మండలికి ఇచ్చిన గది పాత తపాలా ఆఫీసు మేడ మీద ఉంది. ఎత్తులు కలవని రెండు బల్లలు కలిపితే అదే సమావేశం బల్ల. కొత్తగా వచ్చిన ప్రతి అధికారీ ఆ అతుకు మీద కప్పు పెట్టి ఒక్కసారైనా ఒళ్లో టీ ఒలకబోసుకున్నవాడే. మొదట్లో కుర్చీలు కూడా చాలేవి కావు. ఒకరోజు ఒక పోలీసు అధికారి దర్జాగా కూర్చుని, ఏది అడిగినా అది మా పరిధిలోకి రాదంటున్నాడు. గోడవారగా బడి పంతులమ్మ నిలబడి ఉంది. కబురక్క అతని ముందు టీ పెడుతూ, గొంతులో పంచదార కలుపుకుని, "అయితే ఆ కుర్చీ పంతులమ్మగారికి ఇచ్చేయండి సార్. పని ఉన్నవాళ్లు కూర్చుంటారు" అంది.

మండలి అధ్యక్షులు రిటైరైన జడ్జిగారు. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, పొట్ట పట్టుకుని నవ్వారు. పోలీసాయన కూడా ఉడుక్కుంటూనే లేచాడు. అప్పటినుంచి ఆ గదికి అదే ధర్మం అయిపోయింది. మాది కాదు అన్నవాళ్లు లేచి నిలబడాలి. అది ఎవరిదో కనుక్కుని, ఆ మనిషిచేత ఔననిపించాకే మళ్లీ కూర్చోవాలి. తర్వాత కుర్చీలు సరిపడా వచ్చినా ఆ అలవాటు పోలేదు. మోకాళ్ల నొప్పులున్న డాక్టరమ్మ కూడా బల్ల పట్టుకుని నిలబడేది. పిల్లల సంరక్షణ శాఖ నుంచి వచ్చే అధికారిని అందరూ రూల్సు సారు అనేవారు. ఆయనైతే ఓసారి సమావేశం అంతా కిటికీ పక్కన నిలబడి, బిస్కెట్లు నములుతూ ఊళ్లో ఉన్న ఆఫీసులన్నిటికీ ఫోన్లు చేశాడు. చివరికి ఆ పని తమ శాఖదేనని తేలింది. ఆ రోజు టీ ఆయనే పోశాడు.

ఆ బల్ల దగ్గరికి ఇద్దరు అక్కచెల్లెళ్ల సంగతి వచ్చింది. పెద్దది హైస్కూల్లో ఉంది, చిన్నది ఇంకా అక్షరాల దగ్గరే ఉంది. తల్లికి మనసు బాగాలేక ఆసుపత్రిలో ఉంచారు. త్వరగా వచ్చే జబ్బు కాదు, త్వరగా పోయేదీ కాదు. తండ్రి సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా ఎవరినీ అడగలేదు. పిల్లలను తల్లి చెల్లెలు దగ్గరకు తీసింది. ఆ పిన్ని లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆమెకున్నది ఒకే గది. సంరక్షణ శాఖ నియమం ప్రకారం అంత చిన్న పిల్ల ఉండే ఇంట్లో పడుకోవడానికి వేరే గది ఉండాలి. పెద్దది తన ఇష్టం చెప్పుకునే వయసుది కాబట్టి ఉండొచ్చు, చిన్నది మాత్రం పక్క ఊళ్లో ఉన్న పిల్లల ఇంటికి వెళ్లాలి.

మండలికి చట్టం ఒక మంచి అధికారం ఇచ్చింది. అన్ని శాఖలూ ఒప్పుకుంటే ఒక పిల్ల విషయంలో ఏ నియమాన్నయినా సడలించవచ్చు. ఆ రోజు సాయంత్రం దాకా కూర్చున్నారు. పిల్లలు తల్లిని చూసే రోజులను ఆసుపత్రి బడి సెలవులకు కుదిర్చింది. బడి బస్సు పిన్ని వీధి మీదుగా వెళ్లేలా మార్చారు. రూల్సు సారు మూడుసార్లు లేచి నిలబడి, మూడుసార్లు కూర్చుని, చివరికి సంతకం చేశాడు. చిన్నది ఆ గదిలోనే, ఎత్తు బల్ల కింద కూర్చుని పెన్ను మూతలతో ఆడుకుంటోంది. కబురక్క వంగి, "నిన్ను మీ అక్క దగ్గర్నుంచి ఎవరూ తీసుకెళ్లరు" అని చెప్పింది. అలా చెప్పాల్సిన పని ఎవరూ ఆమెకు పెట్టలేదు. సంతోషం పట్టలేక చెప్పేసింది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ చట్టానికి ఒక గడువు ఉంది. ఆ గడువు లోపల శాసనసభ మళ్లీ పొడిగిస్తే మండలి ఉంటుంది, లేకపోతే దానంతటదే పోతుంది. అలా రాసినవాళ్ల ఉద్దేశం చెడ్డదేమీ కాదు. పనిచేయని మండళ్లు ఊరికే కూర్చుని జీతాలు తినకూడదనుకున్నారు. ఈ మండలి పనిచేస్తోందని అందరికీ తెలుసు. అందుకే పొడిగింపు సంగతి ఎవరో చూస్తున్నారని అందరూ నిశ్చింతగా ఉన్నారు. శాఖల కార్యదర్శులు ప్రభుత్వానికి చెప్పే ఉంటారని జడ్జిగారు అనుకున్నారు. జడ్జిగారంతటి పెద్దమనిషి ఒక మాట వేసే ఉంటారని కార్యదర్శులు అనుకున్నారు. అన్నిటికీ కబురక్క గుర్తు చేస్తుంది కదా, చేయలేదంటే అయిపోయినట్టేనని మిగతావాళ్లు అనుకున్నారు.

ఒక సమావేశం చివర, అందరూ సంచులు సర్దుకుంటుంటే, డాక్టరమ్మ అడగనే అడిగింది. మన గడువు పొడిగించడం ఎంతవరకు వచ్చింది, ఎవరు చూస్తున్నారు అంది. కప్పులు తీస్తున్న కబురక్క తలెత్తకుండా, "అదంతా పైవాళ్ల పని డాక్టరమ్మా, మనది కాదు" అంది.

ఆ గదిలో ఆ మాట అన్న ప్రతివాళ్లనూ లేపి నిలబెట్టారు. ఆమెను ఎవరూ నిలబెట్టలేదు. ఎలాగూ ఆమె నిలబడే ఉంది, టీ కప్పులతో. డాక్టరమ్మ సరేనని వెళ్లిపోయింది. ఊళ్లో పిల్లలందరి కోసమూ నలుగురిని కూర్చోబెట్టిన ఆ మండలి, తన కోసం మాత్రం ఎవరినీ కూర్చోబెట్టుకోలేదు. నన్నడిగితే, ఇలాంటి తప్పు చేయడం వాళ్లకే సాధ్యం.

శాసనసభ సమావేశాలు ముగిశాయి. ఆ వార్త చదివి జడ్జిగారు మన బిల్లు ఏ రోజు వచ్చిందని కబురక్కను అడిగారు. ఆమె కార్యదర్శిని అడిగింది, ఆయన ఇంకొకరిని అడిగాడు. మధ్యాహ్నానికల్లా తేలిందేమిటంటే, బిల్లు ఎక్కడా లేదు. ఎవరూ అడ్డుకోలేదు. ఎవరూ అసలు పెట్టలేదు. కబురక్క తపాలా ఆఫీసు మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఆ రాత్రితో గడువు తీరిపోయింది. మళ్లీ సభ కూర్చునేదాకా మండలి లేదు, దాని సడలింపులూ లేవు.

రూల్సు సారు పిన్ని ఇంటికి తనే వెళ్లాడు. కింది ఉద్యోగిని పంపి చేతులు దులుపుకోలేదు, అది ఆయన మంచితనం. కబురక్క పరుగున అక్కడికి చేరేసరికి ఆయన గుమ్మంలో చెప్పులు కూడా విడవకుండా నిలబడి ఉన్నాడు. మొహం మాడిపోయి ఉంది. కొన్నాళ్లు చూసీచూడనట్టు వదిలేయమని ఆమె బతిమాలింది.

"నిన్నటిదాకా మండలి మాట ఉంది, దాన్ని పట్టుకుని నిలబడ్డాను," అన్నాడాయన. "ఇవాళ నా చేతిలో ఏముందక్కా? ఈ పిల్లకొక్కదానికీ నేను కళ్లు మూసుకుంటే, రేపు నిజంగా తీసుకెళ్లాల్సిన ఇంటి దగ్గర కూడా ఇంకొకడు మూసుకుంటాడు."

ఆయన మీద అరవాలని ఆమెకు చాలా అనిపించింది. కానీ ఆయన చెప్పింది తప్పు కాదని తెలుసు. తెలిసినందుకు ఇంకా ఒళ్లు మండింది. పిన్ని ఒక గుడ్డ సంచిలో చిన్నదాని బట్టలు మడిచి పెట్టింది. ఇస్త్రీ చేసే చెయ్యి కదా, ఏడుస్తూ కూడా మడత చెదరకుండా మడిచింది. పెద్దది చెల్లెలికి జడ వేసి, విప్పి, మళ్లీ వేసింది. చిన్నది ఏడవలేదు. కారెక్కబోతూ ఒక్కసారి కబురక్క వైపు చూసింది. చెప్పావు కదా అన్నట్టుంది ఆ చూపు. అంతకంటే చెంపదెబ్బ నయం.

తర్వాతి వారాల్లో కబురక్క మనిషి మనిషిలా లేదు. జీతం ఆగింది, గదికి తాళం పడింది, అవేవీ ఆమెకు ఆనలేదు. భర్త బస్సు డ్రైవరు, మాటలు తక్కువ మనిషి. కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్న భార్యను చూసి, తప్పు నీ ఒక్కదానిదేనా అన్నాడు. తమ్ముడు వచ్చి వెక్కిరించి నవ్వించాలని చూశాడు. ఆమె నవ్వలేదు. వాడు, అమ్మ నన్నేసుకుని తిరిగినప్పుడు ఎవరిది తప్పు అక్కా అని అడిగాడు. ఎవరిదీ కాదురా అంది. "అందుకే కదా నాకు చదువు రాలేదు," అన్నాడు వాడు మామూలుగానే. "ఎవరో ఒకరు నాది అనుంటే వచ్చేది."

ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగబడింది. మర్నాడు పొద్దున్నే జడ్జిగారింటికి వెళ్లింది. ఇద్దరూ కలిసి ఆ ప్రాంతం నుంచి గెలిచిన శాసనసభ్యురాలి దగ్గరకు వెళ్లారు. ఆమె ఓపిగ్గా విని బిల్లు తనే ప్రవేశపెడతానంది. కాకపోతే ముందు సభా సంఘం దాన్ని పరిశీలించాలి, అన్ని శాఖలూ వచ్చి తమ మాట చెప్పాలి అంది.

సంఘం కూర్చున్న గదిలో బల్ల ఒకటే, ఎత్తు ఒకటే, కుర్చీలకు మెత్తలు కూడా ఉన్నాయి. శాఖల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు మైకు ముందుకు జరిగి, మండలిని కొనసాగించడానికి తమకు అభ్యంతరం లేదని చెప్పారు. డాక్టరమ్మ పైన ఉండే ఆసుపత్రి పెద్దాఫీసరు కూడా అదే చెప్పాడు. రూల్సు సారు పైఅధికారి కూడా అదే చదివాడు. సంఘానికి పెద్దగా ఉన్నాయన జుట్టు నెరిసిన మనిషి. నిదానంగా మాట్లాడతాడు. అందరూ అయ్యాక ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు.

"అభ్యంతరం లేదని అందరూ చెప్పారు. కావాలని ఒక్కరూ చెప్పలేదు. ఇది ఎవరికి కావాలండీ?"

అందరూ తమ కాగితాల్లోకి చూసుకున్నారు. వాళ్లలో ఎవరికీ మండలి అక్కర్లేక కాదు. కావాలి అని చెప్పే అధికారం ఎవరి శాఖకు ఉందో ఎవరికీ తెలియదు. అలవాటు కొద్దీ అందరూ వెనక వరుసలో ఉన్న కబురక్క వైపు చూశారు, ఇప్పుడు ఎవరు మాట్లాడాలో ఆమె చెబుతుందన్నట్టు. ఆమె లేచి నిలబడింది. పెద్దాయన కూర్చునే మాట్లాడమ్మా అన్నాడు.

"కూర్చోలేనండీ," అంది. "ఇది నా పని కాదన్నాను నేను. అప్పుడే అడిగుంటే గడువు లోపలే మీ దగ్గరికి వచ్చేది. నేను అడగలేదు. ఒక చిన్నపిల్ల వాళ్లక్కని వదిలి వెళ్లిపోయింది. ఇది నాకు కావాలండీ. అడుగుతున్నది నేను."

ముందు వరుసలో రూల్సు సారు పైఅధికారి కుర్చీ జరిపి లేచాడు. మా శాఖకూ కావాలి, అలాగే రాసుకోండి అన్నాడు. ఆ తర్వాత డాక్టరమ్మ పెద్దాఫీసరు లేచాడు. సంఘం పెద్ద పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

సభలో బిల్లు వచ్చిన రోజు కబురక్క పైన ప్రేక్షకుల వరుసలో కూర్చుంది. కింద ఒకాయన రోడ్ల గురించి మాట్లాడుతున్నాడు, ఇంకొకాయన నిద్రపోతున్నాడు. ఏదో చదివారు, ఔనన్నవాళ్లు ఔనన్నారు, బల్లలు చరిచారు. రోడ్ల సంగతి తేలినట్టుందనుకుంది. పక్కన కూర్చున్న జడ్జిగారు ఆమె చెయ్యి నొక్కి అయిపోయిందమ్మా అన్నారు. ఏమిటి అయిపోయింది అని ఆమె అడిగింది. ఆయన కళ్లలో నీళ్లు చూశాక అర్థమైంది. టీ మరిగేంత సేపు కూడా పట్టలేదు.

తాళం తీసిన గదిలో మండలి మొదటి పని చిన్నదాన్ని తిరిగి తేవడం. ఆ రోజు ఎవరూ నిలబడలేదు. రూల్సు సారు అడగకముందే సంతకం చేసి, కారు తనే పంపించాడు. ఆ సాయంత్రం కబురక్క పిన్ని ఇంటికి వెళ్లింది. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తోచలేదు. వీధి మలుపులో ఆగి, చెంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లింది.

చిన్నది మంచం అంచున కూర్చుని ఉంది. కొంచెం పొడుగైంది, జుట్టు కత్తిరించారు. సంచి ఒళ్లో పెట్టుకుంది. పిన్ని బట్టలు బయటికి తీయబోతే సంచి రెండు చేతులా గట్టిగా పట్టుకుని వద్దంది. నీ అర ఖాళీగానే ఉంచానే అని పెద్దది బుజ్జగించింది. చిన్నది తల అడ్డంగా ఊపింది. గొడవ చేయలేదు, అలగలేదు, ఏదో తెలుసుకోవాల్సింది ఉన్నట్టు కబురక్క కోసమే చూస్తూ కూర్చుంది.

"ఈసారి ఎప్పటిదాకా?" అంది.

ఎప్పటికీ ఇంతే తల్లీ అనడం ఎంతో తేలిక. పోయినసారి అదే చేసింది. కొత్త చట్టానికీ గడువు ఉంది. పోయినదాని కంటే ఎక్కువే, అయినా గడువు గడువే. ఆమె నేల మీద చతికిలబడి పిల్ల మొహానికి సూటిగా కూర్చుంది.

"నువ్వు మీ అక్క చదివే బళ్లోకి వెళ్లేదాకా. అప్పుడు మళ్లీ వెళ్లి అడగాలి."

"ఎవరు అడగాలి?"

"నేను."

చిన్నది ఆలోచించింది. "నువ్వు మర్చిపోతే?"

అలా అనకూడదమ్మా అని పిన్ని కంగారుపడింది. అననీ, అడగాల్సినవాళ్లే అడుగుతున్నారు అంది కబురక్క. ఆమెకు ఆ పిల్ల మీద కాస్త కూడా నొచ్చుకోవాలనిపించలేదు. ఇన్నేళ్లలో తనను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే.

"మర్చిపోతే మా ఆఫీసుకు రా," అంది. "లోపల ఎంత పెద్దవాళ్లున్నా సరే, తలుపు తోసుకుని రా. వచ్చి, అడిగావా అని అడుగు."

చిన్నది ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టుంది. తర్వాత సరే అని మంచం దిగింది. సంచిని మంచం కిందికి తోసి, చెయ్యి చాపితే అందుతుందో లేదో ఒకసారి చూసుకుంది. అందులోని బట్టలు మాత్రం తీయలేదు.